కుటుంబముతో విదేశయాత్ర – మకాము పద్ధతి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున విదేశయాత్రను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. ఒక తరము క్రిందట విదేశమునకు పోయివచ్చినవాని యిల్లు గ్రామమున వ్రేలు చూపి చెప్పదగినదిగా నుండెడిది. నేడు కొడుకు డల్లాసునందో, కూతురు మెల్బోర్నునందో యున్న తల్లిదండ్రులు వీధివీధికిని గలరు. ఈ ప్రాంతమునుండి పోయి సికింద్రాబాదున స్థిరపడిన కుటుంబములవారు వేసవి సెలవులలో పెద్దలను, పిల్లలను వెంటగొని సింగపూరు, జావా, జపాను, ఐరోపా దేశములు చూచివచ్చుట సామాన్యమైనది. పోవుటకు విమానమున్నది. కూడబెట్టిన ధనము కొంత యున్నది. ఎట్లు పోవలెనను ఆలోచనకే కొరత యేర్పడినది. ఆలోచనకు కొరత కలిగినచోట గ్రంథాలయమునకు పని కలదు.

పది దినములలో ఏడు నగరములు చూచి వచ్చినవారిని "ఏమి చూచితిరి?" అని యడిగి చూడుడు. చూచిన వింతలకంటె ఎక్కి దిగిన బస్సులను గూర్చియు, కట్టి విప్పిన పెట్టెలను గూర్చియు వారు ఎక్కువగా చెప్పుదురు. పిల్లలకు జ్వరము వచ్చినది ఏ యూరిలోనో తల్లికి జ్ఞాపకముండదు. వృద్ధులు మ్యూజియము వాకిట బల్లపై కూర్చుండి తక్కినవారి రాకకై ఎదురుచూచిన గంటలను మాత్రము మరువరు.

ఈ ప్రసంగమునకు ముఖ్యాంశము ఒక్కటే. కుటుంబయాత్రకు ప్రమాణము చూచిన ఊళ్ళ సంఖ్య కాదు. ఆ కుటుంబమున అందరికంటె మెల్లగా నడచువారి అడుగు. ఆ యడుగునకు తగిన పద్ధతి, ఒక మంచి నగరమున మకాము వేసి, అచ్చటినుండి చుట్టుపట్ల స్థలములను ఉదయమున పోయి చూచి, సాయంకాలమునకు మరల మకాము చేరుట. ఈనాటి యాత్రికులు దీనిని క్రొత్త పద్ధతి యని తలచుచున్నారు గాని యిది మిక్కిలి పాతది.

వాల్మీకి రామాయణమున అరణ్యకాండ చదివినవారికి ఈ సంగతి తెలియును. సీతారామలక్ష్మణులు దండకారణ్యమున పరుగులు పెట్టుచు తిరుగలేదు. ఒక ఆశ్రమమున కొన్ని నెలలు, మరియొక ఆశ్రమమున ఒక సంవత్సరము, ఇట్లు ముని జనుల మధ్య పది సంవత్సరములు గడపి, మరల సుతీక్ష్ణుని యాశ్రమమునకే వచ్చి, అటుపిమ్మట అగస్త్యుని దర్శింప బయలుదేరిరి. సన్న్యాసులకు చాతుర్మాస్యము విధింపబడినది. కాశికి పోయిన తెలుగువారు అచ్చట తొమ్మిది రాత్రులు నిద్రచేయుట ఆచారము. గంగలో మునిగి మరుసటి బండికే తిరిగి వచ్చినవానిని పూర్వులు యాత్రికుడని యనలేదు. కాశిలో బస యుండగా పంచక్రోశ ప్రదక్షిణము చేయుట, చుట్టునున్న దేవాలయములు దినమునకు కొన్ని చొప్పున చూచుట యాత్రలో భాగము.

ఇది పురాణకాలపు మాట యందురేమో! రెండు శతాబ్దములకు లోపలి దృష్టాంతమే కలదు. చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన కుటుంబముతోను, పెద్ద పరివారముతోను కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు నెలలకు మించిన యాత్ర. పోవునపుడు తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా ప్రయాగకును, కాశికిని పోయిరి. గయ, కలకత్తా, జగన్నాథము చూచి సముద్రతీర మార్గమున తిరిగి వచ్చిరి. దారిలో తాము చూచిన విశేషములను కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి జాబులుగా వ్రాయుచు వచ్చిరి. ఆ జాబులే 1838లో "కాశీయాత్రచరిత్ర" యను గ్రంథముగా అచ్చుపడినవి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల ప్రకటించిరి.

అది విదేశయాత్ర యెట్లగు నని యడుగవచ్చును. నాడు చెన్నపట్టణము కుంపిణీవారిది, హైదరాబాదు నిజాముది, నాగపురము భోసలేలది. ఒక ప్రభుత్వము విడిచి మరియొక ప్రభుత్వము చొచ్చునపుడు నాణెము మారెను, చట్టము మారెను, సుంకపుఠాణా మారెను, భాష మారెను. స్త్రీలను వెంటబెట్టుకొని యట్టి సీమలగుండ పోవుట నేటి విదేశయాత్రకంటె కష్టతరమైన కార్యము. అయ్యగారు దానిని ఎట్లు సాధించిరో గ్రంథము చదివిన తెలియును. ప్రతి మజిలీయందును నీరెట్టిది, అంగళ్ళున్నవా, దిగుటకు వసతి కలదా, మార్గము ఏ తీరున నున్నది యను విషయములను లెక్కగా వ్రాసిరి. చిన్న యూళ్ళలో రాత్రి గడపి, పెద్ద స్థలములయందు దినములకొలది నిలిచి, పరివారమునకు అలసట తీర్చి, ఆ స్థలమును దాని పరిసరములను నిదానముగా చూచిరి. హైదరాబాదున మకాము చేసినప్పుడు నగరమును, హుస్సేనుసాగరమును, దానికి ఆవలనున్న ఇంగ్లీషువారి దండును గూర్చి వ్రాసిరి. ఆ దండే మూడవ ఆసఫ్‌జా సికందర్‌జా పేరిట 1806లో సికింద్రాబాదని పేరుపొందినది. నిలిచి చూచిరి గనుకనే వ్రాయగలిగిరి. పరుగెత్తి పోయినవానికి జాబు వ్రాయుటకు తీరిక యెక్కడిది?

ఆ దండు ప్రక్కకు 1874లో రైలు వచ్చినది. పిదప బేగంపేటలో విమానములు దిగినవి. 2008 మార్చిలో ఆ రాకపోకలు శంషాబాదునకు మారినవి. వీరాస్వామయ్యగారు నెలలు నడచిన దూరమును నేడు గంటలలో దాటుదుము. విమానము దూరమును తగ్గించినదే గాని ముసలివారి మోకాళ్ళను పడుచు చేయలేదు. పిల్లల ఆకలివేళలను మార్చలేదు. కావున వేగము పెరిగినకొలదియు మకాము యొక్క ఆవశ్యకత పెరిగినదే గాని తగ్గలేదు.

విషయము స్పష్టపడుటకు ఒక కుటుంబమును తలపునకు తెచ్చుకొందము. సికింద్రాబాదు మారేడుపల్లిలో వారి యిల్లు. తాతగారు రైల్వేలో పనిచేసి విరమించినవారు. నాయనమ్మగారికి అరువదియెనిమిదేండ్లు, మోకాళ్ళనొప్పి. కొడుకు, బ్యాంకులో పనిచేయు కోడలు, పండ్రెండేండ్ల మనుమరాలు, ఏడేండ్ల మనుమడు. మొత్తము ఆరుగురు. తాతగారు విరమణ సొమ్ములో కొంత భాగము ఈ యాత్రకై వేరుగా నుంచిరి. ఆ పెద్దలిరువురకు ఇది మొదటి విదేశయాత్ర. బహుశః కడపటిది కూడ. కావున ఈ యాత్ర చెడినయెడల మరుసటి యేడు దిద్దుకొందమనుటకు వీలులేదు.

కొడుకు పదునాలుగు దినములకు ఏడు నగరముల పట్టిక సిద్ధపరచెను.

"అమ్మా, పద్నాలుగు రోజుల్లో ఏడు ఊళ్ళు చూడవచ్చునమ్మా. మళ్ళీ ఎప్పుడు వెళ్తామో ఏమో!" అనెను.

"చూపిస్తావు నాయనా. కాని ఆ ఏడు ఊళ్ళలోను నా మోకాళ్ళు కూడా మెట్లెక్కాలి గదా!" అని తల్లి నవ్వెను.

కోడలు కాగితము తీసి లెక్క వేసినది. ఆ లెక్క ప్రతి కుటుంబమువారును వేసికొనదగినది. పదునాలుగు దినములలో పోవుటకు, వచ్చుటకు రెండు దినములు పోగా మిగిలినవి పండ్రెండు. ఏడు నగరములనగా ఆరు మార్లు బస మార్చవలెను. ఒక్కసారి బస మార్చుటకు పెట్టెలు సర్దుట, గది అప్పగించుట, స్టేషనునకో విమానాశ్రయమునకో పోవుట, ప్రయాణము, క్రొత్త గది దొరకువరకు కాచుకొనుట, అన్నియు కలిసి అయిదు గంటలకు తక్కువ కాదు. ఆరుసార్లకు ముప్పది గంటలు. దినమునకు పది గంటలు చూచుటకు వినియోగింతురనుకొన్నచో, మూడు దినములు మూటలు మోయుటకే చెల్లును. పండ్రెండింటిలో నాలుగవ వంతు జమ లేని ఖర్చు.

అదే రెండు నగరములలో మకాము వేసినచో బస మార్పు ఒక్కటే, అయిదు గంటలు. పగటి ప్రయాణములు అయిదు చేసి, ఒక్కొక్కదానికి రానుపోను మూడు గంటలు పట్టినను పదునైదు గంటలు. మొత్తము ఇరువది. పది గంటలే కదా ఆదా యని తలపరాదు. ఈ ఇరువది గంటలలో పదునైదు గంటలు చేతిలో నీళ్ళసీసా తప్ప బరువు లేని ప్రయాణము. కిటికీ ప్రక్కన కూర్చుండి దేశము చూచుచు పోవు ప్రయాణము. మరియు, నాయనమ్మకు ఆనాడు కదలవలెనని లేకున్నచో మంచముమీద విశ్రమింపవచ్చును. బస మార్చవలసిన దినమున అట్టి స్వేచ్ఛ యెవ్వరికిని లేదు. ఈ పద్ధతియొక్క సారమంతయు ఇచ్చటనే యున్నది.

"అత్తయ్యా, రోజూ అందరమూ కలిసే తిరగాలని ఏముంది? మీరు ఒక పూట ఆగిపోతే ఎవరి యాత్రా చెడదు," అని కోడలు పలికినది.

మకాము నగరమును ఎన్నుకొనుటకు కొన్ని గుర్తులు గలవు. అది మిక్కిలి పెద్దది కారాదు, మిక్కిలి చిన్నదియు కారాదు. నగరముననే రెండు మూడు దినములు చూడదగిన వస్తువులుండవలెను. నాలుగు దిక్కులకు రైళ్ళో, మంచి రోడ్లో యుండవలెను. బస రైలుస్టేషనునకుగాని, ఊరి నడిబొడ్డునకుగాని నడకదూరమున నుండవలెను. ఊరిచివర చౌకగది బాడుగలో మిగిల్చిన ధనమును టాక్సీకి చెల్లింపవలసివచ్చును. ఆసుపత్రి, మందులషాపు, కూరగాయల అంగడి చేరువనుండవలెను. వంట చేసికొను వీలుగల బస దొరకినచో తెలుగువారికి అంతకుమించిన భాగ్యము లేదు. మెట్లు లేని గది, లేదా లిఫ్టు గల మేడ కావలెనని ముందుగనే యడిగి తెలిసికొనవలెను.

ఇందుకు ప్రపంచమున దృష్టాంతములు పెక్కు గలవు. తెలుగువారి మనస్సునకు దగ్గరగానుండు వానిని కొన్నింటిని చెప్పుదము.

జావాద్వీపమున యోగ్యకర్త యను నగరము కలదు. సుల్తాను కోట, జలవిహారోద్యానము, బాతిక్ బట్టలు అద్దు వీధులు నగరములోనివి. తూర్పున సుమారు 17 కిలోమీటర్ల దూరమున ప్రంబానన్ దేవాలయ సముదాయమున్నది. తొమ్మిదవ శతాబ్దమునాటి యా శివాలయము 47 మీటర్ల యెత్తు గలది. దాని ప్రాకారపు గోడలపై రామాయణకథ శిల్పములుగా చెక్కబడి, ప్రక్కనున్న బ్రహ్మాలయమున ముగియును. 1961 నుండి అచ్చట రామాయణ నృత్యనాటకమును ప్రదర్శించుచున్నారు. వాయవ్యమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున బోరోబుదూర్ బౌద్ధస్తూపము కలదు. అందు 2,672 శిల్పఫలకములు, 504 బుద్ధవిగ్రహములు లెక్కింపబడినవి. దాని మెట్లు నిలువుగా నుండును. పై యంతస్తులకు దినమునకు పరిమితసంఖ్యలోనే జనులను అనుమతింతురు గనుక ముందుగా టిక్కెట్టు కొనవలెను. మోకాళ్ళనొప్పి గలవారు క్రింది మైదానమున చెట్లనీడ కూర్చుండి కట్టడమంతయు ఒక్క చూపున చూడవచ్చును. నగరమున రాత్రివేళ వయాంగ్ కులిత్ అను తోలుబొమ్మలాట జరుగును. అందలి కథలు రామాయణ భారతములు. తెలుగునాటి తోలుబొమ్మలాట చూచిన తాతకు, ఎన్నడును చూడని మనుమనికి, ఇరువురకును ఆ రాత్రి యొక పాఠము.

జావానుండి బాలిద్వీపము సమీపము. అచ్చట ఉబూదు అను ఊరు రెండవ మకామునకు తగినది. చుట్టును వరిచేలు, గుహాలయములు, తీర్థములు, చిత్రకారుల యిండ్లు గలవు. బాలివాసులలో అధికసంఖ్యాకులు హిందువులు. వారి శకసంవత్సరాదియైన 'న్యేపి' మన ఉగాది ప్రాంతముననే వచ్చును. ఆ దినమున ద్వీపమంతయు మౌనము పాటించును. ఎవ్వరును వీధిలోనికి రారాదు. విమానాశ్రయమును సైతము మూసివేయుదురు. తేదీ చూచుకొనక టిక్కెట్టు కొనువారికి అది చిక్కు. తెలిసి పోవువారికి విశ్రాంతిదినము. ఆ ద్వీపములయందు మే మొదలు సెప్టెంబరు వరకు వానలు తక్కువ గనుక తెలుగుపిల్లల వేసవి సెలవులలో మే మాసము అనుకూలము.

సింహళమున కండి నగరము మరియొక మంచి మకాము. 1739 నుండి 1815 వరకు దానిని ఏలినవారు మధుర నాయకులతో సంబంధముగల వంశమువారు. కడపటి రాజైన శ్రీ విక్రమ రాజసింహుడు 1807లో త్రవ్వించిన చెరువు నేటికిని నగరమధ్యమున నున్నది. ఇంగ్లీషువారాయనను రాయవేలూరునకు పంపగా అచ్చటనే 1832లో మరణించెను. దంతధాతు మందిరము చెరువుగట్టున నున్నది. పేరాదెనియ ఉద్యానవనము ఆరు కిలోమీటర్లలోపున, దంబుల్ల గుహాలయములు సుమారు 70 కిలోమీటర్ల దూరమున గలవు. 2025 నవంబరు కడపట వచ్చిన దిత్వా తుఫానువలన ఆ కొండసీమ మార్గములు మిక్కిలి దెబ్బతినెను. అందువలన నచటికి పోదలచినవారు ప్రయాణమునకు ముందు రైలుమార్గముల, రోడ్ల స్థితిని విచారింపవలెను. ఏ దేశమునకైనను ఈ సూత్రము వర్తించును.

జపానున క్యోటో మకాముగా నున్నచో నారా నగరము రైలున ముప్పాతిక గంట, ఒసాకా అరగంట, తేయాకుతోటల ఊజీ అంతకును చేరువ. కంబోడియాలో సియెంరీప్ మకాముగా అంకోరు దేవాలయములు చూడవచ్చును. అచ్చటి దేవాలయ టిక్కెట్టులోనే నెమ్మదియాత్రకు వీలు కల్పించిరి: మూడు దినముల టిక్కెట్టును పది దినములలో ఏ మూడు దినములైనను వాడుకొనవచ్చును, ఏడు దినములది ఒక నెలవరకు చెల్లును. ఒక దినము చూచి, ఒక దినము విశ్రమించుటకు ఇంతకంటె అనుకూలమేమి కావలెను?

ఇక దినచర్య. ఒక దినము బయటికి, ఒక దినము మకాము నగరముననే, ఇది మూలసూత్రము. పగటి ప్రయాణము ఒక వైపునకు గంటన్నరకు మించరాదు. అంతకు మించినచో ఉదయమున పిల్లలను నిద్రలేపుటయు, రాత్రి నిద్రించుచున్న పిల్లలను మోయుటయు తప్పదు. దినమునకు ముఖ్యమైన దర్శనము ఒక్కటే పెట్టుకొనవలెను. రెండవది లభించినచో లాభము, లభింపనిచో నష్టము లేదు. మొదటి దినము ఏ కార్యక్రమమును ఉండరాదు. దేశకాలము మారినందున నిద్ర, ఆకలి కుదుటపడుటకు ఆ దినము అవసరము. పండ్రెండు దినములలో రెండు దినములు పట్టికలో ఖాళీగా వదలవలెను. వర్షము, జ్వరము, రైళ్ళ సమ్మె, ఏది వచ్చినను ఆ ఖాళీదినములలో సర్దుకొనును. భోగట్టా లేని పొలమును కరణము లెక్కలో ఖాళీగా నుంచునే గాని అంకె కల్పించి వ్రాయడు గదా!

మరియొక మర్యాద పాటింపదగినది. కుటుంబమున ప్రతివారికిని ఒక దినము కేటాయింపవలెను. మనుమని దినమున జంతుప్రదర్శనశాల, తాతగారి దినమున రైల్వే మ్యూజియము, కోడలి దినమున బట్టల బజారు. తనదైన దినమొకటి యున్నదని తెలిసినవాడు ఇతరుల దినములలో సణగడు. ఏడేండ్ల బాలుడును ఈ న్యాయమును గ్రహింపగలడు.

ఈ పద్ధతికి ఆక్షేపణ లేకపోలేదు. "ఇంత దూరము పోయి రెండే ఊళ్ళు చూచి వత్తురా? ఫలానావారు ఆరు దేశములు చూచి వచ్చిరే!" అని బంధువులందురు. మరల పోవుటకు వీలుండదను భయము కూడ న్యాయమైనదే. అయినను భోజనమున పదునారు కూరలు వడ్డించి పండ్రెండు నిముషములలో లెమ్మన్నచో దానిని విందని యెవ్వరును అనరు. మకాము పద్ధతిలో కూడ లోపములు గలవు. కొన్ని స్థలములు పగటి ప్రయాణమునకు అందవు. ఒక గొప్ప స్థలము నాలుగు గంటల దూరమున నున్నచో దానికై రానుపోను ఎనిమిది గంటలు బాధపడుటకంటె, చిన్న సంచితో పోయి ఒక రాత్రి అచ్చట నిద్రించి, పెద్ద పెట్టెలను మకాముననే భద్రపరచి వచ్చుట మేలు. అదియు వీలుకానిచో ఆ స్థలమును విడిచిపెట్టుటకు ధైర్యముండవలెను. విడిచిపెట్టవలసిన వానిని ముందే నిశ్చయించుకొనుట యాత్రాప్రణాళికలో కష్టమైన భాగము.

ధనవిషయము. ఒకే బసలో అయిదారు రాత్రులున్నవారికి కొన్నిచోట్ల బాడుగలో తగ్గింపు లభించును. స్వయముగా వంట చేసికొన్నచో భోజనపు ఖర్చు తగ్గును. ఊరి బస్సులకు, రైళ్ళకు దినములపై చెల్లు టిక్కెట్లు దొరకును. ఇట్లు మిగిలిన ధనమును రెండు విషయములందు వెనుకాడక వ్యయము చేయవలెను: పెద్దలు నడవలేని దినమున కారునకు, ప్రయాణపు ఆరోగ్యభీమాకు. విదేశపు ఆసుపత్రిలో ఒక్క రాత్రి యాత్ర ఖర్చునంతటిని మించవచ్చును.

కాగితముల సంగతి. హైదరాబాదు ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయము సికింద్రాబాదుననే యున్నది. పెద్దల పాస్‌పోర్టు పది సంవత్సరములు చెల్లును. చిన్నపిల్లలది అయిదు సంవత్సరములే. అందరి పుస్తకములును ఒక్కసారి తీసికొన్నను పిల్లలవి ముందు కాలము చెల్లును. దీనిని గమనింపక టిక్కెట్లు కొనుట ప్రమాదము. ఇండోనేషియా మొదలైన దేశములకు చేరునాటికి ఇంకను ఆరు నెలల గడువు మిగిలియుండవలెను. ఐరోపాలో షెంజెన్ ఒడంబడిక దేశములకు ఒకే వీసా చాలును. 180 దినములలో 90 దినములవరకే యుండవచ్చును. 30,000 యూరోలకు తక్కువ కాని ఆరోగ్యభీమా చూపవలెను. ఎక్కువ దినములు ఏ దేశమున నుందురో ఆ దేశమువారికే దరఖాస్తు పెట్టుకొనవలెను. ఒకే మకామునకు పోవువానికి ఈ ప్రశ్నకు సమాధానము సులభము. ఏడు దేశములు తిరుగువాడు లెక్కపెట్టుకొనవలెను. నిబంధనలు మారుచుండును గనుక ఇతరుల అనుభవముపై ఆధారపడక ఆయా దేశముల రాయబార కార్యాలయముల ప్రకటనలనే చూడవలెను.

భోజనము, ఔషధములు. శాకాహారులు జపానున జాగ్రత్త వహింపవలెను. అచ్చటి చారులలో చేపనుండి తీసిన రసము తరచుగా కలియును, పైకి కూరగాయలే కనబడును. జావాలో సోయాచిక్కుడుతో చేయు తెంపె, తాహు పుష్కలముగా దొరకును గాని పచ్చడిలో ఎండురొయ్యల ముద్ద కలిసినదేమో యడుగవలెను. ఆవకాయ జాడీని చేతిసంచిలో పెట్టరాదు; విమానములో ద్రవపదార్థములకు నూరు మిల్లీలీటర్ల కట్టుబాటు గలదు, నూనె పచ్చళ్ళను తనిఖీవారు ఆపుదురు. గట్టిగా మూతవేసి పెద్ద పెట్టెలో నుంచవలెను. ఆస్ట్రేలియా, న్యూజీలాండులకు పోవువారు ఏ తినుబండారము తెచ్చినను కాగితమున వ్రాసి చూపవలెను, దాచినచో జుల్మానా. ప్రతిదినము మ్రింగు మందులు యాత్రాదినములకంటె ఒక వారమునకు అధికముగా, వైద్యుని చీటీతో సహా, చేతిసంచిలోనే యుండవలెను.

ఇంతవరకు చెప్పినది ఏర్పాటు. దీనికి ప్రాణము పోయునది చదువు. ప్రంబానన్ గోడలపై వానరులు సేతువు కట్టుచున్నారని గైడు చెప్పవలసిన అవసరము రామాయణము విన్న పిల్లవానికి లేదు. వాడే ముందుగా గుర్తుపట్టి నాయనమ్మకు చూపును. యాత్రకు రెండు నెలల ముందునుండి రాత్రి భోజనానంతరము ఒక గంట పెద్దలు కథ చెప్పవలెను, పిల్లలు పటము చూడవలెను. మనుమరాలు మకాము నగరపు పటమును గీయవలెను. మనుమడు అచ్చటి భాషలో నమస్కారము, కృతజ్ఞత, నీళ్ళు అను మూడు మాటలు నేర్వవలెను. తాతగారు వీరాస్వామయ్యగారివలె దినదినము ఒక జాబు వ్రాయవలెను. మకామున సాయంకాలమునకు చేరినవానికి వ్రాయుటకు వేళయు, బల్లయు, నెమ్మదియు ఉండును.

మారేడుపల్లి కుటుంబమువారు కడపట ఏడు నగరముల పట్టికను ప్రక్కనుంచి, యోగ్యకర్తలో ఏడు రాత్రులు, ఉబూదులో అయిదు రాత్రులు నిశ్చయించుకొందురనుకొందము. బోరోబుదూర్ దినమున నాయనమ్మ మెట్లు ఎక్కదు. తాతగారు ఆమె ప్రక్కన చెట్లనీడ కూర్చుందురు. కొడుకు, కోడలు, పిల్లలు పైకెక్కి దిగివచ్చి చూచినదంతయు ఆమెకు చెప్పుదురు. మరునాడు ఎవ్వరును ఎక్కడికిని పోరు. ఆమె సందుచివరి కూరలబజారులో తన యెరుకలోని బెండకాయలు, వంకాయలు చూచి, భాష రాకున్నను వ్రేళ్ళతో బేరమాడి కొనితెచ్చును. మూడవనాటికి ఆ కూరలమ్మ ఈమెను గుర్తుపట్టి నవ్వును. పరదేశమున తన్ను గుర్తుపట్టు మనిషి యొకరు లభించుట ఒక్క రాత్రి బసచేసినవారికి దొరకునది కాదు. ఆ చిరునవ్వు ఏ టిక్కెట్టు పట్టికలోను లేదు. విరమణ సొమ్ము సార్థకమైనదని ఆ దంపతులు దానివలననే తలతురు.

ఈ గ్రంథాలయమున భూగోళపటములు గలవు, రామాయణము గలదు. యాత్రకు పోదలచినవారు టిక్కెట్ల దుకాణమునకు పోవుటకు ముందు ఇచ్చటికి వచ్చి, కుటుంబమంతయు ఒక బల్లచుట్టు కూర్చుండి, ఎక్కడ మకాము వేయవలెనో, దేనిని విడిచిపెట్టవలెనో ఆలోచించుకొందురు గాక. పోయివచ్చినవారు తమ జాబులను వ్రాసి ఇచ్చట నుంతురు గాక. తరువాత పోవువారికి అవియే మజిలీపట్టికలగును.

స్వస్తి.